స్కాట్లండ్ పల్లెలో దిబ్బల పేర్లు, రాళ్ల పేర్లు రాసుకోవడం ఎలా?

అందరికీ నమస్కారం. మన ఊళ్ల కైఫియత్తులు, అంటే ఊరి చరిత్రలు, కావలి సోదరుల సాయంతో సేకరించిన సర్వే అధికారి కాలిన్ మెకంజీ స్కాట్లండ్‌వాడు, స్టోర్నొవేలో పుట్టాడు. ఇవాళ మనం ఆయన దేశానికి వెళ్లి అక్కడి పేర్లు రాసుకుందాం. బాకీ తీర్చుకున్నట్టు ఉంటుంది.

మనం తీసుకున్నది పర్త్‌షైర్‌లోని ఫోర్టింగల్ పారిష్, అంటే ఒక చర్చి కిందికి వచ్చే ప్రాంతం. చర్చి ఆవరణలోని ముసలి యూ చెట్టు చూడటానికి జనం వస్తుంటారు. దాని సంగతి ఇప్పటికే బోలెడంతమంది రాశారు, వదిలేద్దాం.

ముందు స్క్రీన్ చూడండి. ఇది నేషనల్ లైబ్రరీ ఆఫ్ స్కాట్లండ్ మ్యాప్స్ సైటు. మైలుకి ఆరంగుళాల పాత మ్యాపు పెట్టి, ఈ స్లైడర్ జరిపితే కింద ఇప్పటి శాటిలైట్ ఫొటో కనిపిస్తుంది. రెండో ట్యాబ్‌లో పాత రికార్డుల స్కాన్‌లు. ఇందులో ఆర్డ్‌నెన్స్ సర్వే, అంటే బ్రిటన్ మ్యాపుల శాఖ, స్థలాల పేర్లు రాసిపెట్టిన నేమ్ బుక్కులు ఉన్నాయి. పర్త్‌షైర్‌వి 1859-62 నాటివి. గళ్లు చూశారా? పేరు, దాని స్పెల్లింగులు, ఎవరు చెప్పారు, ఎక్కడుంది, వివరణ. మన నోట్‌బుక్‌లోనూ ఇవే గళ్లు గీసుకోండి, ఇంతకంటే మంచివి నాకు తట్టలేదు.

ఒక్క గడి మాత్రం అనుమానంగా చూడాలి: ఎవరు చెప్పారు అన్నది. అప్పట్లో సర్వేవాళ్లు ఎక్కువగా భూస్వామినీ, చర్చి పాస్టర్‌నీ, బడిపంతులునీ అడిగేవాళ్లు. రోజూ ఆ కొండ ఎక్కే గొర్రెల కాపరి మాట వెనకబడేది. మనం కాపరి దగ్గర మొదలుపెడదాం.

ఇప్పుడు ఒక పేరు రాద్దాం. ఊరి పక్క పొలంలో చిన్న దిబ్బ, దాని మీద నిలువు రాయి. పేరు కార్న్ నమ్ మరవ్. ఇంగ్లిష్ అక్షరాలు చూసి చదివితే 'మార్బ్' అంటాం, తప్పు. స్కాట్లండ్ పాత భాష గేలిక్‌లో బీ, హెచ్ కలిస్తే 'వ' పలుకుతుంది. అందుకే చెవికి వినిపించింది ముందు తెలుగులో రాసేయండి, స్పెల్లింగు తర్వాత చూసుకోవచ్చు. అర్థం: చనిపోయినవాళ్ల దిబ్బ. పద్నాలుగో శతాబ్దపు ప్లేగులో పోయినవాళ్లను ఒక ముసలమ్మ తెల్ల గుర్రం లాగే స్లెడ్జి (చక్రాల్లేని బండి) మీద ఇక్కడికి తెచ్చి పూడ్చిందని ఊళ్లో చెప్పుకుంటారు. ఇది కథ, కాబట్టి వివరణ గడిలో 'అంటారు' అని రాయండి, 'జరిగింది' అని రాయకండి. దిబ్బ మాత్రం ప్లేగు కంటే చాలా పాతదని పురావస్తు శాస్త్రవేత్తల అభిప్రాయం.

స్థలానికి గ్రిడ్ రిఫరెన్స్, అంటే మ్యాపు గళ్లలో దాని చోటు చెప్పే నంబరు, వేయండి. ఇక్కడ ఎన్‌ఎన్ అనే అక్షరాలు, తర్వాత ఆరంకెలు. వంద మీటర్ల చదరం దొరుకుతుంది. రాయికి అది చాలదు, ఎనిమిదంకెలు వేస్తే పది మీటర్లకి వస్తుంది.

రికార్డ్ చేసే ముందు అనుమతి అడగండి. గేటు తెరిచి ఉంటే తెరిచి, మూసి ఉంటే మూసి వదలండి. ఇంటర్వ్యూ అయిపోయిందని రికార్డర్ ఆపేస్తారు చూడండి, అదే తొందరపాటు. 'గేటు దాకా నడుస్తూ కూడా రికార్డర్ ఆన్‌లోనే ఉంచనా?' అని ముందే అడిగి పెట్టుకోండి. నడుస్తూ నడుస్తూ 'అదిగో, ఆ మూలని మా తాత ఇంకేదో అనేవాడు' అంటారు.