చిన్న ఎస్ప్రెసో మెషిన్ కొనొచ్చా? తిరుపతి నీళ్లతో వాడి చూసి చెప్తున్నా

నమస్తే అండీ. సన్నటి కాఫీ పొడిలోంచి వేడి నీటిని ఒత్తిడితో తోసి తీసే చిక్కటి కాఫీయే ఎస్ప్రెసో, దాన్ని ఇంట్లో చేసుకునే చిన్న మెషిన్ ఇది. మెషిన్ మీద కంపెనీ పేరున్న చోట నల్ల టేపు కనిపిస్తోంది కదా, అది నేనే వేశాను. దీన్ని ఎవరూ ఫ్రీగా పంపలేదు, నా డబ్బులతోనే కొన్నాను. పేరు ఎందుకు మూశానంటే, ఈ రోజు మాట్లాడేది ఒక్క మోడల్ గురించి కాదు. వంటగట్టు మీద మిక్సీ పక్కన పట్టే ఈ సైజు మెషిన్లు లోపల దాదాపు ఒకే రకం. ఒక చిన్న పంపు, నీళ్లు పోతూ పోతూ వేడెక్కే ఒక లోహపు దిమ్మె, పాలు నురగ తేవడానికి ఒక స్టీమ్ గొట్టం. అంతే.

ముందే ఒక మాట చెప్పేస్తా. మీ ఇంట్లో పొద్దున్నే ఐదారుగురు కాఫీ తాగేవాళ్లుంటే మీకిది వద్దు. ఇది ఒకసారికి ఒకటో రెండో కప్పులు ఇస్తుంది. పొడి పట్టి, షాట్ (అంటే ఒక విడత ఎస్ప్రెసో) తీసి, పాలు నురగ తెచ్చి, తుడుచుకునేసరికి కప్పుకి నాలుగైదు నిమిషాలు. ఆరో మనిషికి కప్పు అందేలోపు మొదటి మనిషి టిఫిన్ కూడా అడుగుతాడు. రాత్రే ఇత్తడి ఫిల్టర్‌లో డికాషన్ దించి పెట్టుకునే ఇళ్లకి అంతకన్నా మంచి ఏర్పాటు లేదు. ఒక్కరో ఇద్దరో తాగుతారు, కాఫీ మీద కాస్త పిచ్చి ఉంది అంటే మాత్రం వీడియో చివరిదాకా చూడండి.

ఇప్పుడు డబ్బా మీద అంకెలు. 15 బార్, 20 బార్ అని పెద్ద అక్షరాల్లో వేస్తారు, బార్ అంటే ఒత్తిడికి కొలత. ఎక్కువ బార్లంటే ఎక్కువ కాఫీ అనుకుంటాం మనం. ఎస్ప్రెసోకి కావాల్సింది 9 బార్ చుట్టుపక్కల ఒత్తిడి. 15 అనేది పంపు దారి మూసుకుపోతే చూపించగల గరిష్ఠ బలం, కప్పులోకి వచ్చేది కాదు. కాస్త మంచి మెషిన్లలో, ఎక్కువైన ఒత్తిడిని వెనక్కి వదిలేసే చిన్న వాల్వ్ పెడతారు. ఇటలీలో అకిలే గాజియా 1940ల్లో స్ప్రింగూ లివరూ ఉన్న మెషిన్లు తెచ్చినప్పుడు అసలు పంపే లేదు. చేత్తో లివర్ లాగితే స్ప్రింగు నీటిని నొక్కేది, పైన బంగారు రంగు నురగ పొర, అదే క్రెమా, వచ్చేది. 1961లో ఫయేమా కంపెనీ ఈ61 మోడల్‌తో కరెంటు పంపు 9 బార్ దగ్గర స్థిరపడింది. ఇప్పటికీ కాఫీ షాపులు అదే పద్ధతి. కాబట్టి 20 చూసి 15 కన్నా గొప్పదని నాలుగు వేలు ఎక్కువ పెట్టకండి.

డబ్బాలో ఉండే ఈ రెండు బాస్కెట్లు, అంటే పొడి వేసే చిన్న గిన్నెలు, చూడండి, కెమెరా దగ్గరికి తెస్తా. ఇదొకటి, అడుగు మొత్తం జల్లెడలా సన్న రంధ్రాలు. ఇది మామూలు బాస్కెట్. ఇంకోదాన్ని ట్యూబ్‌లైటుకి అడ్డంగా పెడితే... కనిపించిందా? ఒకే ఒక్క చుక్క. పైనుంచి చూస్తే జల్లెడే, కింద మాత్రం ఒక్కటే రంధ్రం. ఒత్తిడి పుట్టించే పని పొడి చెయ్యకపోయినా, ఈ రంధ్రం చేస్తుంది. అందుకే ఏ పొడి వేసినా పైన నురగ వస్తుంది. చూడ్డానికి బాగుంటుంది, నిమిషంలో పోతుంది. గ్రైండర్ లేనివాళ్ల కోసం కంపెనీలు పెట్టే ఏర్పాటు ఇది, తప్పేమీ కాదు. కానీ దీంతో ఆగిపోతే, మీరు పెట్టిన డబ్బుకి సగం రుచే.

మిగతా సగం గ్రైండర్‌లో ఉంది. ఇక్కడే నేను కాస్త గట్టిగా చెప్తా. మీ మొత్తం బడ్జెట్ పాతిక వేలైతే మెషిన్‌కి పదిహేను, గ్రైండర్‌కి పది పెట్టండి. మెషిన్‌కే పాతికా పోసేసి పొడి కొట్లో పట్టించుకుందాం అనుకుంటే కుదరదు. మన కాఫీ పొడి కొట్లలో ఫిల్టర్ కోసం పట్టే పొడి దీనికి బరక. నీళ్లు పది సెకన్లలో జారిపోతాయి. మిక్సీలో వేస్తే ఇంకా ఘోరం, సగం పిండి, సగం రవ్వ. చేత్తో తిప్పే గ్రైండర్ అయినా చాలు, కానీ సెట్టింగు ఒక్కో మెట్టూ సన్నగా మారేది కావాలి. తిప్పడానికి బలం కావాలి, అది నిజం. మా అమ్మ నేను తిప్పడం చూసి, "ఏందిరా, ఉగ్గుగిన్నెడు కాఫీకి ఇంత హంగామానా" అనింది. దానికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

చికోరీ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే మన ఊళ్లో కాఫీ అంటే చికోరీ కలిసిన కాఫీనే. ఎయిటీ ట్వంటీ, సిక్స్‌టీ ఫార్టీ అని అడిగి కొంటాం. చికోరీ కాఫీ గింజ కాదు, వేయించిన వేరు. నీళ్లు తగలగానే కాఫీ కన్నా ఎక్కువగా కరుగుతుంది, అందుకే డికాషన్ నల్లగా చిక్కగా దిగుతుంది. ఫిల్టర్‌లో అది సుగుణం. అదే పొడిని సన్నగా పట్టి ఈ బాస్కెట్‌లో దట్టిస్తే జిగటగా మారి నీటిని పోనివ్వదు. పోయినా, మెషిన్‌లో పైన నీళ్లు దిగే జల్లెడకి అంటుకుని ఒక పట్టాన వదలదు. మెషిన్‌కి మాత్రం చికోరీ లేని గింజలే వాడండి. మన అరకు గింజలున్నాయి, అరకు అరబికా రకానికి 2019లో జీఐ గుర్తింపు, అంటే ఫలానా ప్రాంతపు పంట అనే అధికారిక గుర్తింపు, వచ్చింది. చిక్కమగళూరు, కూర్గ్ గింజలున్నాయి. పాలతోనే తాగుతారంటే కొంచెం రొబస్టా, అంటే రుచి గట్టిగా ఉండే ఇంకో కాఫీ రకం, కలిసినది తీసుకోండి. క్రెమా ఎక్కువ వస్తుంది, పాలల్లో రుచి మునిగిపోదు. ప్యాకెట్ మీద గింజలు వేయించిన తేదీ ఉందో లేదో చూడండి. లేకపోతే పక్కన పెట్టేయండి. వేయించిన వారం తర్వాత మొదలుపెట్టి నెలా నెలన్నరలో అయిపోగొడితే బాగుంటుంది.

సరే, ఒక షాట్ తీద్దాం. మెషిన్ ఆన్ చేసి పది నిమిషాలైంది. లైటు నిమిషంలోపే వెలుగుతుంది కానీ బాస్కెట్ పట్టే ఈ పిడి ఇంకా చల్లగానే ఉంటుంది, అందుకే ముందు పొడి లేకుండా ఒకసారి వేడి నీళ్లు వదులుతున్నా. గింజలు 15 గ్రాములు. నాది 51 మిల్లీమీటర్ల బాస్కెట్, దీనికి అంతే పడుతుంది. పట్టేశాను. పొడి పోశాక ఈ బిరడాకి గుచ్చిన సన్న సూదులతో కలుపుతున్నా, ఉండలుంటే నీళ్లు ఒక పక్కనుంచి దొంగదారి పడతాయి. ఇప్పుడు టాంపర్, పొడిని అదిమే దిమ్మె. బలం కన్నా ముఖ్యం, వంకర లేకుండా నొక్కడం. కింద త్రాసు, త్రాసు మీద కప్పు. స్టార్ట్.

ఒకటి, రెండు... ఇంకా ఏమీ రాలేదు. ఏడో సెకనుకి మొదటి చుక్క. చూడండి, ముదురు గోధుమ రంగు, తేనెలా సాగుతోంది. ఇప్పుడు సన్న ధార. మెల్లగా రంగు లేత అవుతోంది... 28 సెకన్లు, త్రాసు మీద 30 గ్రాములు. ఆపేశాను. పొడికి రెండింతలు కాఫీ, పాతిక నుంచి ముప్పై సెకన్లు. మొదట్లో ఈ లెక్క పట్టుకోండి చాలు, తర్వాత మీ నాలుకే చెప్తుంది.

ఇప్పుడు అదే గింజ, అదే 15 గ్రాములు, గ్రైండర్ మాత్రం నాలుగు మెట్లు వదులు చేశా. చూశారా, బొటబొటా వచ్చేసింది, 13 సెకన్లకే 30 గ్రాములు. తాగుతా... అబ్బా. పుల్లగా, పలచగా, ఉప్పు తగిలినట్టు. మెషిన్ మారలేదు, నీళ్లు మారలేదు. పుల్లగా ఉంటే ఇంకాస్త సన్నగా పట్టండి. చేదుగా, వగరుగా, నాలుక ఎండినట్టు ఉంటే కాస్త బరకగా. ఒకసారికి ఒక్కటే మార్చండి. పొడి, బరువు, వేడి అన్నీ ఒకేసారి మారిస్తే ఏది పని చేసిందో బ్రహ్మదేవుడికి కూడా తెలీదు.

పాలు. ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసినవి కావాలి, ఎంత చల్లగా ఉంటే నురగకి అంత సమయం దొరుకుతుంది. కాచిన పాలైతే చల్లార్చి, మీగడ వడకట్టి, ఫ్రిజ్‌లో పెట్టి వాడండి. మీగడ తునకలుంటే నురగ మెత్తగా రాదు. పుస్తకం ప్రకారం 60, 65 డిగ్రీల దగ్గర ఆపాలి, గిన్నె పట్టుకున్న చెయ్యి కాలబోతుంది అనిపించే చోట. కానీ మనవాళ్లకి ఆ వేడి ఆనదు. పొగలు కక్కని కాఫీ ఇస్తే చల్లారిపోయింది అంటారు. మా ఇంట్లో 70 దాకా పోనిస్తాను. తీపి కొంచెం తగ్గుతుంది, గొడవ కూడా తగ్గుతుంది. గొట్టాన్ని మాత్రం ఆ క్షణమే తడిగుడ్డతో తుడిచి, ఒకసారి ఆవిరి వదలండి. లేకపోతే లోపల పాలు ఎండిపోయి దారి పూడుకుపోతుంది. స్టీమ్ తర్వాత వెంటనే ఇంకో షాట్ తీయాలంటే ముందు కాసిని నీళ్లు వదిలి చల్లబరచండి, లేదంటే పొడి మాడుతుంది.

ఇక నీళ్లు. మన దగ్గర ఈ మెషిన్లకి అసలు శత్రువు ఇదే. బోరు నీళ్లు వాడే ఇళ్లలో బకెట్ల అంచున తెల్లగా ఉప్పు కడుతుంది కదా, గీజర్ కాయిల్ మార్చినవాళ్లకి చెప్పక్కర్లేదు. ఆ కాల్షియం, మెగ్నీషియమే వేడికి మెషిన్ లోపల గార కడతాయి. లోపలి దారులు మరీ సన్నం. మొదట వేడెక్కడానికి ఆలస్యం, తర్వాత ధార బక్కచిక్కడం, ఆఖరికి పంపు రొద మాత్రమే. బోరు నీళ్లు తిన్నగా పోయొద్దు, ఒక్క రోజు కూడా. అలాగని ఆర్వో మరీ గట్టిగా పనిచేసి టీడీఎస్ (నీళ్లలో కరిగిన ఉప్పుల కొలత) 20, 30కి దించేసిన నీళ్లూ బాగుండవు. కాఫీ చప్పగా ఉంటుంది, నీళ్లలో ఉప్పుల్ని బట్టి ట్యాంకు మట్టం కనిపెట్టే కొన్ని మెషిన్లు నీళ్లే లేవనుకుంటాయి. ఆర్వోకి టీడీఎస్ తిప్పే స్క్రూ ఉంటే వంద దగ్గర పెట్టుకోండి. మీటరు చూపించేది అన్ని రకాల ఉప్పుల మొత్తం, గార కట్టేవాటిది మాత్రమే కాదు. కాబట్టి వంద చూపించినా అప్పుడప్పుడూ కడగాల్సిందే. కంపెనీ చెప్పిన ద్రావణం వాడితే వారంటీ గొడవ ఉండదు. వారంటీ అయిపోయాక చాలామంది లీటరు నీళ్లకి 20, 30 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి నడుపుతారు, తర్వాత రెండు ట్యాంకుల మంచి నీళ్లు. వెనిగర్ వద్దు, ఆ వాసన వదలదు.

కరెంటు గురించి చిన్న లెక్క. ఈ సైజు మెషిన్లు 1,300, 1,400 వాట్లు లాగుతాయి. 230 వోల్టుల దగ్గర అది దాదాపు 6 ఆంపియర్లు. అంటే చిన్న ప్లగ్గుకి సరిగ్గా అంచు. గీజర్‌కి వాడే 16 ఆంపియర్ల ప్లగ్గే పెట్టండి. మామూలు ఇంటి ఇన్వర్టర్ మీద నడవదు, ప్రయత్నించకండి. లో వోల్టేజీ వచ్చే చోట ఇంకో ఇబ్బంది. వోల్టేజీ 190కి పడితే హీటర్ బలం మూడింట రెండొంతులే మిగులుతుంది. సాయంత్రం కాఫీ పుల్లగా ఉందని గింజల్ని తిట్టుకునే ముందు వోల్టేజీ చూసుకోండి.

రిపేరుకి మన ఊళ్లో మనిషి దొరకడం కష్టం. చెన్నైకో బెంగళూరుకో పంపాల్సి రావొచ్చు, అందుకే అట్టపెట్టె పారేయకండి. ఇంకో సంగతి, బాస్కెట్ సైజు. డెలోంగి డెడికా 51 మిల్లీమీటర్లు, బ్రెవిల్ బాంబినో 54, గాజియా క్లాసిక్ 58. కాఫీ షాపుల్లో వాడేది 58 కాబట్టి టాంపర్లు, బాస్కెట్లు, రబ్బరు రింగులు దానికే ఎక్కువ దొరుకుతాయి. యాభై వేల దాకా పెట్టగలిగితే 58 వైపే చూడండి. పాతిక లోపలైతే 51తో సర్దుకుపోవచ్చు, నేను సర్దుకుంటున్నా.

ఇదంతా విని తల తిరిగిందా? అయితే మోకా పాట్ కొనుక్కోండి. ఇటలీలో 1933లో బియలెట్టి తెచ్చిన అల్యూమినియం చెంబు. గ్యాస్ మీద పెట్టేదే, ఒకటి రెండు బార్లకి మించదు, క్రెమా రాదు. కానీ చిక్కటి డికాషన్ ఐదారు నిమిషాల్లో దిగుతుంది, పాలు కలుపుకుంటే బ్రహ్మాండం. కరెంటు పోయినా పని ఆగదు. ఇండక్షన్ స్టవ్ ఉన్నవాళ్లు అల్యూమినియం కాకుండా స్టీలుది అడగండి.

మీ ఏరియా పేరూ, మీ ఇంటి నీళ్ల టీడీఎస్ ఎంతో కింద రాయండి. కొర్లగుంట, తిరుచానూరు, ఇటు చిత్తూరు గ్రీమ్స్‌పేట, ఎక్కడైనా సరే. వచ్చే వీడియోలో పది వేల లోపు గ్రైండర్లు రెండు విప్పి లోపల చూపిస్తా. ఉంటానండీ.