ఇంజను వెనక నుంచి నెట్టే రైలు: చలికాలం మొదట్లో కారవాన్‌లో నీలగిరికి

(స్క్రీన్ మీద: తెల్లవారిన మెట్టుపాళయం స్టేషన్. నీలం రంగు పెట్టెలు. కెమెరా నెమ్మదిగా చివరికి జరిగితే అక్కడ ఆవిరి ఇంజను.)

నమస్కారమండీ. ఈ రైలును ఒకసారి బాగా చూడండి. పెట్టెలు ముందున్నాయి, ఇంజను వెనకుంది. షంటింగ్ చేస్తున్నారనుకునేరు. కాదు, ఊటీ కొండ ఎక్కేది ఇట్లాగే.

కార్తీకంలో కారవాన్ అద్దెకు తీసుకుని నెల్లూరు నుంచో ఒంగోలు నుంచో ఊటీ పోదామనుకునేవాళ్ళకు నేను చెప్పేది ఒకటే. బండిని మెట్టుపాళయంలో ఆపి, కొండ మాత్రం రైల్లో ఎక్కండి. ఎందుకో చెబుతాను. ముందు ఈ రైలు సంగతి చూద్దాం.

మామూలు రైలు నడిచేది ఇనుప చక్రానికీ పట్టాకూ మధ్య రాపిడి మీద. వాలు తక్కువుంటే అది చాలు. మన గిద్దలూరు దాటాక దిగువమెట్ట మీదుగా నంద్యాల వెళ్ళే లైను నల్లమలను దాటేది ఆ రాపిడితోనే. సొరంగం తవ్వి, వంపులు తిప్పి, వాలు తగ్గించుకున్నారు. ఊటీ దారిలో కల్లార్ స్టేషన్ దాటాక ఆ పప్పులు ఉడకవు. అక్కడ వాలు ఎక్కువున్నచోట సుమారు 12 మీటర్లు ముందుకెళ్తే 1 మీటరు పైకి లేస్తుంది. ఉత్త చక్రాలైతే ఉన్నచోటే జారుతూ తిరుగుతాయి.

(స్క్రీన్ మీద: పట్టాల మధ్య క్లోజప్.)

పట్టాల నడుమ ఇవి చూడండి. పక్కపక్కనే రెండు ఇనుప బద్దీలు, వాటికి పళ్ళు. ఒక బద్దీకి పన్ను ఉన్నచోట రెండోదానికి సందు ఉంటుంది. కావాలనే అట్లా పెట్టారు. ఇంజను కింద ఉన్న పళ్ళచక్రం ఈ పళ్ళను పట్టుకుని ఎక్కుతుంది. ఒక పన్ను వదిలేలోపే పక్క బద్దీ పన్ను దొరుకుతుంది కాబట్టి పట్టు ఎక్కడా తప్పదు. స్విట్జర్లాండ్ ఇంజనీరు రోమన్ ఆప్ట్ కనిపెట్టిన పద్ధతి ఇది.

ఇంజను పక్కన సిలిండర్లు ఒకదాని మీద ఒకటి కనిపిస్తాయి. రెండు వైపులా కలిపి నాలుగు. ఒక జత మామూలు చక్రాలను తిప్పుతుంది, ఇంకో జత పళ్ళచక్రాలను. మొదటి జతలో పనిచేసి ఒత్తిడి తగ్గిన ఆవిరిని బయటికి వదిలేయకుండా రెండో జతకు పంపుతారు. ఇంత పొదుపైన ఏర్పాటు వందేళ్ళ కిందటే చేశారంటే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

(పిల్లవాడి గొంతు: "అది సరే నాయనా, ఇంజను వెనక పెట్టారేంది?")

ఎక్కేటప్పుడు లింకు తెగిందనుకోండి. ఇంజను ముందుంటే పెట్టెలు వెనక్కి దొర్లిపోతాయి. వెనకుంటే అడ్డంగా నిలబడుతుంది. దిగేటప్పుడూ అంతే, ఇంజను పల్లం వైపే ఉంటుంది. కాకపోతే ఎక్కేటప్పుడు డ్రైవరుకు ముందు దారి కనిపించదు. అందుకే పెట్టెల ముందు వసారాల్లో బ్రేకులు వేసే మనుషులు నిలబడి, జెండాలు ఊపుతూ వెనక్కి సైగ అందిస్తారు.

ఈ లైను 1899లో కూనూరు దాకా, 1908లో ఊటీ దాకా వచ్చింది. 2005లో యునెస్కో గుర్తింపు దక్కింది. మొత్తం 46 కిలోమీటర్లు. 208 వంపులు, 16 సొరంగాలు, 250 వంతెనలు. ఉదయం 7:10కి బయల్దేరితే ఊటీ చేరేసరికి మధ్యాహ్నం అవుతుంది. పళ్ళ పట్టా కూనూరుతో ఆఖరు, అక్కడి నుంచి డీజిల్ ఇంజను తగిలిస్తారు. దారిలో హిల్‌గ్రోవ్‌లో నీళ్ళు పట్టుకోవడానికి ఆగుతుంది. అప్పుడు దిగి ఇంజను దగ్గరికి వెళ్ళండి. పిల్లలకు సిలిండర్లు చూపించడానికి అదే మంచి సమయం.

ఇక వాన సంగతి. మనకు అక్టోబరు, నవంబరుల్లో కురిసే ఈశాన్య రుతుపవనాలే అక్కడా కురుస్తాయి. వాయుగుండం పడితే ఇక్కడ సోమశిల, కండలేరు నిండుతాయని సంతోషిస్తాం. అక్కడ కల్లార్, కూనూరు మధ్య మట్టిపెళ్ళలు పట్టాల మీద పడి రైళ్ళు రద్దవుతాయి. కాబట్టి బయల్దేరే ముందు వాతావరణ వార్తలు చూడండి.

చలి? మెట్టుపాళయం సముద్రమట్టానికి 326 మీటర్ల ఎత్తు, ఊటీ 2,203. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. అంటే కింద 24 ఉంటే పైన 12 దగ్గర. నవంబరులో 22కే మంకీ క్యాప్ తీసే మనకు అది మాటలు కాదు. స్వెటర్లు బ్యాగు అడుగున కాదు, పైన పెట్టుకోండి.

కారవాన్ కింద ఉంచమన్నది ఇందుకే. రేకు బాడీ బండి రాత్రికి ఇట్టే చల్లబడిపోతుంది. కిటికీలన్నీ మూసి నలుగురు పడుకుంటే తెల్లారేసరికి అద్దాల మీద నీళ్ళు కారుతుంటాయి. అప్పుడు ఎవరో ఒకరికి గ్యాస్ పొయ్యి వెలిగించి వెచ్చబెట్టుకుందామని బుద్ధి పుడుతుంది. ఆ పని మాత్రం చేయొద్దు. మూసిన బండిలో కార్బన్ మోనాక్సైడ్ చేరితే వాసన రాదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. రాత్రి మెట్టుపాళయంలో పడుకుని పొద్దున్నే రైలెక్కితే ఈ టెన్షనే ఉండదు. పైగా బండి నడిపే మనిషి కూడా కిటికీ పక్కన కూర్చోవచ్చు. లేకపోతే పాపం, ఆయనకు ఘాట్ రోడ్డే గతి.

కాదు, బండి పైకి తీసుకెళ్ళాల్సిందే అంటారా, ఈ-పాస్ ఆన్‌లైన్‌లో తీసుకోండి. 2024 మే నుంచి అడుగుతున్నారు. దిగేటప్పుడు బ్రేకు మీదే కాలు పెట్టి కూర్చోకుండా చిన్న గేరులో రండి. బ్రేకులు వేడెక్కితే పట్టవు. చిన్న ప్లాస్టిక్ నీళ్ళ సీసాలు నీలగిరి జిల్లాలో నిషేధం, స్టీలు సీసాలు పెట్టుకోండి.

టికెట్లు ముందే బుక్ చేసుకోండి, సీట్లు తక్కువ. రైల్వే వాళ్ళే రైలు రద్దు చేస్తే డబ్బు పూర్తిగా తిరిగొస్తుంది. ఆ రోజు మెట్టుపాళయం నుంచి ఊటీ బస్సు ఎక్కండి. అదీ ఘాట్ రోడ్డు తెరిచి ఉంటేనే.