హోమ్ థియేటర్ వైరింగ్, స్పీకర్ బిగింపు: దేనికి ఖర్చు పెట్టాలి, ఎక్కడ మిగుల్చుకోవాలి

నమస్తే అండీ. ఇవాళ్టి రివ్యూలో కొత్త స్పీకర్లేం లేవు. స్పీకర్‌కూ ఆంప్లిఫైయర్‌కూ మధ్యలో ఉండే సామాను చూద్దాం. వైరు, గోడ బ్రాకెట్, బనానా ప్లగ్గులు (వైరు చివర బిగించి స్పీకర్‌లో, ఆంప్‌లో గుచ్చే పిన్నులు), కేసింగ్ పట్టీ. ఇది హన్మకొండలో మా బావ వాళ్ల పై అంతస్తు గది. పద్నాలుగు అడుగుల వెడల్పు, పద్దెనిమిది అడుగుల పొడవు. కింద గ్రానైట్, చుట్టూ ఇటుక గోడలు, పైన స్లాబ్. ఇందులో 5.1 సెట్ పెట్టాం, అంటే అయిదు స్పీకర్లు, బేస్‌కు ఒక సబ్‌వూఫర్. వైరింగ్ అంతా మా చేతులతోనే, డ్రిల్లింగ్‌కు మాత్రం తెలిసిన ఎలక్ట్రీషియన్ అన్నను పిలిచాం.

నా లెక్క ముందే చెప్పేస్తా. స్పీకర్ నచ్చకపోతే అమ్మేసి ఇంకోటి తెచ్చుకుంటాం. ఆంప్ పాతబడితే మారుస్తాం. గోడలోకి పోయిన వైరు, గోడకు పడ్డ రంధ్రం మార్చాలంటే మళ్లీ పుట్టీ, మళ్లీ పెయింటు, ఇంట్లో వాళ్లతో మళ్లీ మాటలు పడాలి. అందుకే డబ్బు, ఓపిక ముందు అక్కడ పెట్టండి.

వైరుతో మొదలుపెడదాం. మూడు రకాలు తెప్పించా. ఒకటి, ఆన్‌లైన్‌లో స్పీకర్ కేబుల్ అని అమ్మే ట్రాన్స్‌పరెంట్ జంట వైరు. రెండోది, కరెంటు సామాన్ల షాపులో మీటర్ లెక్కన కోసిచ్చే 40/76 వైరు. 40/76 అంటే 0.0076 అంగుళాల మందం ఉన్న పోగులు నలభై అన్నమాట. అన్నీ కలిపితే 1.2 ఎంఎంకు కాస్త తక్కువ. ఎంఎం అని మనం వాడుకలో అంటాం గానీ, అది చదరపు మిల్లీమీటర్లే. మూడోది, ఇంటి వైరింగ్‌కు వాడే రాగి ఫ్లెక్సిబుల్ వైరు, ఒకటిన్నర ఎంఎం, 90 మీటర్ల కాయిల్.

కెమెరా దగ్గరికి తెస్తున్నా, చూడండి. ఇది ఆన్‌లైన్ వైరు. పైకి మంచి రాగి రంగు, నిగనిగలాడుతోంది. ఒక్క పోగు విడదీసి బ్లేడుతో మెల్లగా గీకుతున్నా. కనపడుతోందా? లోపల తెల్లగా, వెండి రంగు. ఇది అల్యూమినియం, పైన రాగి పూత అంతే. లైటర్ మంట మీద పెడితే అల్యూమినియం పోగు మెత్తబడి వాలిపోయి తెగిపోతుంది. రాగి పోగు ఎర్రగా కాలుతుంది, నిలబడుతుంది. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది, రాగికి 1085 కావాలి. ఒక మాట, పైన వెండి రంగుండి గీకితే లోపల ఎర్రగా వస్తే భయపడకండి. అది టిన్ పూత పూసిన రాగి, మంచిదే. లోపలిదే లెక్క.

ఇప్పుడు ఓమ్‌ల లెక్క, అంటే వైరు కరెంటును ఎంత అడ్డుకుంటుందో ఆ కొలత. ఆంప్ నుంచి వెనక స్పీకర్ దాకా, తలుపు మీదుగా తిప్పితే పన్నెండు మీటర్లు పట్టింది. పోవడానికో తీగ, రావడానికో తీగ, కాబట్టి ఇరవై నాలుగు మీటర్ల లోహం. ఒకటిన్నర ఎంఎం రాగి ఫ్లెక్సిబుల్‌కు కిలోమీటరుకు 13.3 ఓమ్‌లు. ఇరవై నాలుగు మీటర్లకు 0.32. ఎనిమిది ఓమ్‌ల స్పీకర్‌లో అది నాలుగు శాతం. అయిదు శాతం దాటకపోతే చాలని అందరూ పాటించే లెక్క, కాబట్టి సరిపోయింది. రెండున్నర ఎంఎం వేస్తే 0.19 ఓమ్‌లు. అదే పూత వైరు 1 ఎంఎంలో తీసుకుంటే దాదాపు 0.7 ఓమ్‌లు, తొమ్మిది శాతం దాకా పోతుంది.

ఇది చెప్తుంటే మా బావ, "ఏంది బామ్మర్దీ, సినిమా చూసుడుకు గింత లెక్క గావాల్నా?" అన్నాడు. ఆయన అడిగిందీ న్యాయమే. ఈ గదిలో ఆ రెండు వైర్ల మధ్య తేడా అర డెసిబెల్ కూడా రాదు. ఆంప్‌లో మైక్ పెట్టి సెట్టింగ్ చేస్తే అదే సర్దేస్తుంది. చెవితో పట్టుకోవడం కష్టం. నేను పూత వైరు వద్దనేది వేరే కారణానికి. స్క్రూ కింద అల్యూమినియం నలిగి వదులవుతుంది, పదేపదే వంచితే పోగులు విరుగుతాయి. పైగా రాగి అని చెప్పి అమ్మడం ఒకటి. గోడ బయటే, సోఫా కింద రెండు మీటర్ల వైరుకు వాడుకుంటానంటే వాడుకోండి. గోడలోకి మాత్రం వద్దు.

మరి వేలకు వేలు పోసి వెండి పూత కేబుళ్లు, అల్లిక కేబుళ్లు కొనాలా? అక్కర్లేదు. ఈ కాయిల్ వైరే గెలిచింది. ఎరుపు ఒక కాయిల్, నలుపు ఒక కాయిల్. రేటు నేను చెప్పను, రాగి ధరను బట్టి మారుతూనే ఉంటుంది. షాపులో ఆ రోజు రేటు అడగండి, ఇద్దరు కలిసి ఒక జత కాయిళ్లు తీసుకుని పంచుకోండి. ఒక ఇంటికి అంత అవసరం పడదు.

విడివిడి తీగలను జంటగా చేయడం ఇలా. రెండు తీగల ఇటు కొసలూ కిటికీ గ్రిల్‌కు కట్టేయండి. అటు కొసలు రెండూ డ్రిల్ మిషన్ నోట్లో బిట్ బదులు బిగించి, తీగ బిగుతుగా పట్టుకుని మెల్లగా తిప్పండి. అంగుళానికో మెలిక పడితే చాలు. స్పీడుగా తిప్పారో, తీగ ముడులు పడి చేతికి కొట్టుకుంటుంది.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్న ప్రమాదం సంగతి. కొన్ని ఇళ్లలో స్పీకర్ వైరు గోడలోంచి బయటికి తెచ్చి, అక్కడ మామూలు కరెంటు సాకెట్ బిగిస్తారు. టూ పిన్ ప్లగ్‌తో స్పీకర్‌ను అందులో పెడతారు. చూడ్డానికి నీట్‌గా ఉంటుంది. కానీ ఆ స్పీకర్ ప్లగ్‌ను పిల్లలో, ఇల్లు ఊడ్చే మనిషో పక్కనున్న నిజం కరెంటు సాకెట్‌లో పెడితే 230 వోల్టులు నేరుగా స్పీకర్‌లోకి పోతాయి. స్పీకర్ కాలిపోవడం సరే, మంట లేస్తే? అలా బిగించి ఉంటే ఇవాళే తీయించండి. బనానా సాకెట్లుండే స్పీకర్ ప్లేట్లు దొరుకుతాయి, అవి పెట్టించండి. ఇంటి వైరు వాడాం కాబట్టి రెండు చివర్లా టేపు చుట్టి స్పీకర్ అని, కుడి, ఎడమ అని రాసిపెట్టాం. రేపు ఇంకో ఎలక్ట్రీషియన్ వచ్చి ఇది లైటు వైరనుకుని కలిపేయకూడదు కదా.

కరెంటు వైర్లున్న పైపులోనే స్పీకర్ వైరు కూడా లాగేద్దాం, పైపు ఖర్చు మిగులుతుంది అంటారు. ఒప్పుకోవద్దు. వేరే పైపు, కనీసం అడుగు దూరం. దాటాల్సి వస్తే ప్లస్ గుర్తులా అడ్డంగా దాటించండి, పక్కపక్కన పరిగెత్తించొద్దు. కొత్త ఇల్లు కడుతుంటే ప్లాస్టరింగ్ ముందే 25 ఎంఎం పైపు వేసి, లోపల ఒక జీఐ తీగ (జింకు పూత ఇనుప తీగ) వదిలేయండి. తర్వాత ఏ వైరైనా లాగొచ్చు. ఇది కట్టి చాలా ఏళ్లయిన ఇల్లు, గోడ నాలుగున్నర అంగుళాలే. అంత సన్న గోడకు అడ్డంగా గాడి కొట్టడం నాకు నచ్చదు. అందుకే స్కర్టింగ్ మీదుగా కేసింగ్ పట్టీ కొట్టి, గోడ రంగే వేశాం. పట్టీకి రేటింగ్ ఇవ్వమంటే పదికి ఎనిమిది. మూలల దగ్గర 45 డిగ్రీలు కోయడం కొంచెం తలనొప్పి.

ఇక బిగింపు. చాలా ఇళ్లలో చూస్తున్నా, నాలుగు స్పీకర్లూ నాలుగు మూలల్లో, స్లాబ్‌కు ఆనించి వేలాడదీస్తారు. ఫంక్షన్ హాల్లో అలా పెట్టేది జనం తలల మీదుగా పాట పోవడానికి. ఇంట్లో సినిమాకు అది పనికిరాదు. ముందు ఎడమ, కుడి స్పీకర్లలో చిన్న కోన్, ట్వీటర్ అంటాం కదా, అది కూర్చున్న మనిషి చెవి ఎత్తులో ఉండాలి. సోఫా మీద కూర్చుంటే నేల నుంచి మూడున్నర అడుగులు, అటూ ఇటూ. ఆ రెండింటి మధ్య దూరం ఎంతో, మీ సీటు నుంచి ఒక్కోదానికి దూరం కూడా అంతే ఉంటే సమబాహు త్రిభుజం వస్తుంది. అప్పుడు ఒక్కోటీ 30 డిగ్రీల కోణంలో పడుతుంది. వెనక స్పీకర్లు నేరుగా వీపు వెనక్కి కాదు, పక్కలకు కొంచెం వెనకగా, 100 నుంచి 120 డిగ్రీల మధ్య. ఎత్తు చెవి కంటే అడుగు, రెండడుగులు పైన. రేపు అట్మాస్, అంటే పైనుంచి కూడా సౌండు వచ్చే సెట్, పెట్టాలనుకుంటే వెనకవాటిని మరీ పైకి ఎత్తకండి, చెవి ఎత్తుకు దగ్గరగా ఉంచండి. పైనుంచి వచ్చే సౌండుకూ పక్క సౌండుకూ తేడా తెలియాలి.

కోణం కొలవడానికి యాప్ అక్కర్లేదు. మా మేనకోడలి జామెట్రీ బాక్స్‌లో కోణమానిని తీసుకుని సోఫా మీద పెట్టాం, నూలు దారం గోడ దాకా లాగి పెన్సిల్‌తో గుర్తు పెట్టాం. అంతే.

డ్రిల్ పెట్టేముందు గోడ మీద వేలితో తట్టండి. డొల్ల మోత వస్తే అక్కడ ప్లాస్టర్ ఊడి ఉంది, జరగండి. స్విచ్ బోర్డుకు నిట్టనిలువుగా పైన, కింద అసలు ముట్టొద్దు. పైపులు సాధారణంగా అలాగే పోతాయి. ఆ గది ఎంసీబీ ఆపేసి, డ్రిల్‌కు పక్క గది నుంచి కరెంటు తీసుకున్నాం. ప్లాస్టర్ మందం అర అంగుళం, కొంచెం ఎక్కువ. అది బరువు మోయదు. రావల్ ప్లగ్, అంటే స్క్రూను పట్టుకునే ప్లాస్టిక్ గొట్టం, దాన్ని దాటి ఇటుకలోకి దిగాలి. అందుకే 8 ఎంఎం బిట్టు, రెండంగుళాల ప్లగ్. ముందు హామర్ ఆపి చిన్న గుంట చేసుకుని, తర్వాత హామర్ ఆన్ చేస్తే పెయింటు పెచ్చులు లేవవు. దుమ్ముకు చిట్కా చూడండి: పెళ్లిపత్రిక కవరు నోరు తెరిచి గుర్తు కింద టేపుతో అంటించాం. ఎర్ర పొడి మొత్తం అందులోనే పడింది. ఆ పొడి ఎర్రగా వస్తే ఇటుకే అని కూడా తెలుస్తుంది. బూడిద రంగు వస్తూ డ్రిల్ దిగకపోతే పిల్లరో బీమో తగిలినట్టు. ఒకచోట మాకు అదే అయింది. "ఇది కాలమ్ అన్నా, నాలుగంగుళాలు జరుగుదాం" అన్నాడు ఎలక్ట్రీషియన్. జరిగాం, నాలుగంగుళాలకు కోణమేం పాడవదు.

బ్రాకెట్లు రెండు రకాలు చూశా. రేకుతో చేసిన చవకవి, నట్టు బిగించినా స్పీకర్ ముక్కు కిందికి వాలిపోతుంది. మా వెనక స్పీకర్ ఒక్కోటి నాలుగు కిలోల పైనే. రేకు బ్రాకెట్ నేను కొనొద్దనే చెప్తా. మందం స్టీలు, బాల్ జాయింట్ ఉన్నది తీసుకోండి. కొనేముందు స్పీకర్ వెనక తిప్పి చూడండి, స్క్రూ రంధ్రం ఉందా, తాళంచెవి ఆకారపు కన్నమే ఉందా అని. అలాగే స్పీకర్ వెనక గాలి రంధ్రం ఉంటే గోడకు ఆనించొద్దు, బేస్ గుమ్ముమని ఎక్కువగా మోగుతుంది. కొన్ని అంగుళాలు ఖాళీ ఉంచండి. పీఓపీ సీలింగ్ ఉన్నవాళ్లు బరువు స్పీకర్‌ను బోర్డుకే బిగించకండి, స్లాబ్‌కు యాంకర్ వేసి వేలాడదీయండి.

బనానా ప్లగ్గుల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. మామూలువి చాలు. వైరును పళ్లతో కొరకడం మానేసి స్ట్రిప్పర్‌తో సెంటీమీటరు మేర తీయండి. ఒక్క పోగు బయటికి వచ్చి పక్క టెర్మినల్‌ను తాకినా ఆంప్ ప్రొటెక్షన్‌లోకి పోతుంది, అంటే పాడవకుండా తనంతట తాను ఆగిపోతుంది.

ఒక స్పీకర్‌కు ఎరుపు, నలుపు తారుమారైతే సౌండు వస్తుంది కానీ బేస్ పల్చబడి, మాట మధ్యలోంచి కాకుండా ఎక్కడినుంచో వస్తున్నట్టుంటుంది. అనుమానమొస్తే ఆంప్ చివర వైరు విప్పి, టార్చిలో వేసే 1.5 వోల్టుల బ్యాటరీ క్షణం సేపు తాకించండి. ఎరుపుకు ప్లస్ తగిలితే పెద్ద కోన్ ముందుకు రావాలి. లోపలికి పోతే ఎక్కడో తిరగబడినట్టు. ఇదిగో, మెల్లగా చూడండి, కోన్ ముందుకు కదిలింది.

సబ్‌వూఫర్‌కు ఆర్‌సీఏ కేబుల్. బుయ్యిమని మోత వస్తే చాలాసార్లు కేబుల్ టీవీ డబ్బాదే కారణం, దాని వైరు తీసి చూడండి. ఎర్తింగ్ పిన్ను విరిచేసి మోత ఆపుతారు కొందరు, ప్రాణాలతో ఆట అది. కాజీపేట జంక్షన్ పక్కన ఇల్లున్నవాళ్లకు సబ్ లేకపోయినా కిటికీలు అదురుతాయి, అది వేరే సంగతి.

అన్నీ అయ్యాక గదిలో చప్పట్లు కొడితే టంగుమని తిరిగొచ్చింది. గ్రానైట్ చేసే పని. ఫోమ్ ప్యానెళ్లు కొందామన్నాడు బావ. నేను వరంగల్‌లో జంపఖానాలు నేసే కొత్తవాడకు తీసుకెళ్లా. వరంగల్ జంపఖానాలకు 2018లో జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఊళ్లో ఉండి మనం వాడకపోతే ఎలా? పెద్దది సోఫాకూ టీవీకీ మధ్య పరిచాం, ఇంకోటి వెనక గోడకు రెండంగుళాలు ఎడంగా కర్రకు వేలాడదీశాం. మాటలు స్పష్టంగా వినపడుతున్నాయి. నూలు బట్ట బేస్‌ను ఆపలేదు, ఆ ఆశ పెట్టుకోవద్దు. పై శబ్దాల గలగల మాత్రం తగ్గింది.

వెనక స్పీకర్లు వైర్‌లెస్ తీసుకుంటే ఈ గొడవ ఉండదు కదా అని అడుగుతున్నారు. స్పీకర్ వైరు తప్పుతుంది, కానీ ఆ స్పీకర్లకు కరెంటు కావాలి. సోఫా వెనక ప్లగ్ పాయింట్ ఉందో లేదో చూసుకుని కొనండి. లేకపోతే స్పీకర్ వైరు బదులు కరెంటు వైరు లాగుతారు. మీ గది కొలతలు, సోఫా ఏ గోడకు ఉందో కింద రాయండి, వైరు ఎన్ని మీటర్లు పడుతుందో లెక్క కట్టి చెప్తా. ఉంటా మరి.