వీడియో మధ్యలో ప్రశ్న: ఎడ్‌పజిల్, లూమి, ప్లికర్స్ రివ్యూ

నమస్కారం. బెంగళూరు స్కూళ్లలో పాఠాలు చెప్తున్న తెలుగు టీచర్ల కోసం ఈ రివ్యూ. క్లాసులో స్మార్ట్ బోర్డు ఉంది, యూట్యూబ్ ఉంది. పన్నెండు నిమిషాల వీడియో పెడితే పిల్లలు కదలకుండా చూస్తారు. మర్నాడు అడిగితే బొమ్మలు గుర్తుంటాయి, పాఠం గుర్తుండదు. వీడియోని మధ్యలో ఆపి ప్రశ్న అడిగే పనిముట్లు ఇందుకే ఉన్నాయి. ఎడ్‌పజిల్, లూమి, ప్లికర్స్ మూడూ డబ్బు కట్టకుండానే మొదలుపెట్టొచ్చు.

తీర్పు ముందే చెప్పేస్తాం. హోంవర్క్‌కి ఎడ్‌పజిల్. నెట్ నమ్మలేని క్లాసుకి లూమి. పిల్లల చేతిలో ఫోన్లు, ట్యాబులు లేని క్లాసుకి ప్లికర్స్. కానీ ప్రశ్న తప్పు చోట పెడితే ఈ మూడింట్లో ఏదీ ఆదుకోదు. కాబట్టి ముందు ప్రశ్న సంగతి చూద్దాం.

పదో తరగతి విద్యుత్తు పాఠం తీసుకోండి. ఒక బ్యాటరీ, సిరీస్‌లో (ఒకే దారిలో ఒకదాని తర్వాత ఒకటి) రెండు ఒకేలాంటి బల్బులు. వీడియోలో స్విచ్ వేస్తారు, రెండూ సమానంగా వెలుగుతాయి. చాలామంది టీచర్లు అది చూపించాక ఆపి, "ఏ బల్బు ఎక్కువ వెలిగింది?" అని అడుగుతారు. అది కంటికి పెట్టిన పరీక్షే, బుర్రకి పని లేదు. స్విచ్ మీద వేలు పెట్టగానే ఆపండి. "ఏది ఎక్కువ వెలుగుతుంది?" అని అప్పుడు అడగండి. ఏ: ప్లస్ వైపు బల్బు. బి: మైనస్ వైపు బల్బు. సి: రెండూ సమానం. డి: రెండూ వెలగవు. మొదటి బల్బు దగ్గరే కరెంటు కొంత ఖర్చయిపోతుందని నమ్మే పిల్లలు ఏ అంటారు. ఆ నమ్మకం బయటపడాలి, అందుకే ఆ ఆప్షన్ తప్పకుండా ఉండాలి. ఎవరూ ఎంచుకోని ఆప్షన్ దండగ.

ఇక్కడ ఒక మాట. రెండు టార్చి బల్బులు, సెల్‌లు ల్యాబులో ఉంటే జవాబు వీడియోలో చూపించకండి. ప్రశ్న దాకా వీడియో, జవాబు బల్ల మీద. ఒకే డబ్బాలోంచి తీసిన బల్బులైనా కొంచెం తేడాగా వెలగొచ్చు. అలా వెలిగితే రెండింటి చోట్లు మార్చి చూపించండి. తేడా బల్బుతో పాటే వెళ్తే, అది బల్బు తేడా అని పిల్లలకే తెలుస్తుంది.

ఇప్పుడు ఎడ్‌పజిల్. యూట్యూబ్ లింక్ ఇస్తాం, అక్కర్లేని మొదలు, చివర కత్తిరిస్తాం, కావలసిన క్షణంలో ప్రశ్న పెడతాం. పిల్లలు ముందుకి జరపకుండా ఆపే ఏర్పాటు ఉంది. బ్రౌజర్‌లో వేరే ట్యాబ్‌కి వెళ్తే వీడియో ఆగుతుంది. ఎవరు ఏ భాగాన్ని ఎన్నిసార్లు చూశారో టీచర్‌కి కనిపిస్తుంది. మార్కుల కంటే ఇదే విలువైనది: 40 మందిలో 25 మంది ఒకే భాగాన్ని వెనక్కి తిప్పి చూశారంటే, రేపు క్లాసులో అదే మళ్లీ చెప్పాలి.

లోపాలూ ఉన్నాయి. ఉచిత ఖాతాలో దాచుకునే వీడియోలకి 20 అనే హద్దు ఉంది, కాబట్టి ఏ పాఠాలకి వాడాలో ఏడాది మొదట్లోనే తేల్చుకోండి. స్కూల్ నెట్‌వర్క్‌లో యూట్యూబ్‌ని ఆపేసి ఉంటే, అక్కడి నుంచి తెచ్చిన వీడియో ఇక్కడా ఆడదు. ఇంట్లో ఆడి, స్కూల్లో నల్ల తెర వచ్చిందంటే ముందు చూడాల్సింది అదే. ఇంకోటి, వీడియో పెట్టేసి ఆడుకోవడానికి పోయే పిల్లలు. ప్రశ్న దగ్గర వీడియో ఆగి కూర్చుంటుంది కాబట్టి, మొదటి ప్రశ్న ఒక నిమిషం లోపే రావాలి. ఖాతా లేకుండా మారుపేరుతో చేరే ఓపెన్ క్లాస్ పద్ధతి కూడా ఉంది. మన దేశంలో 2023 డేటా రక్షణ చట్టం 18 ఏళ్ల లోపు వాళ్లని పిల్లలుగానే లెక్కేస్తుంది. కాబట్టి పేరు బదులు రోల్ నంబరు పెట్టించండి, చాలు.

క్లాసులో లైవ్ మోడ్ వాడితే వీడియో ఒక్క మీ తెర మీదే ఆడుతుంది, పిల్లల పరికరాల్లో ప్రశ్న మాత్రమే వస్తుంది. డేటా బాగా మిగులుతుంది. ఫోన్ హాట్‌స్పాట్ మీద మాత్రం క్లాసంతా నడిపించకండి. చాలా ఫోన్లు 10 పరికరాలకే చేతులెత్తేస్తాయి.

లూమి దగ్గరికి వద్దాం. హెచ్5పి అనే ఓపెన్ సోర్స్ పద్ధతిలో ఇంటరాక్టివ్ వీడియోలు తయారుచేసే ఉచిత డెస్క్‌టాప్ యాప్ ఇది. మొదటిసారి ఇంటరాక్టివ్ వీడియో రకాన్ని దింపుకోవడానికి నెట్ కావాలి, తర్వాత అక్కర్లేదు. ఎంపీ4 వీడియో ఫైల్ ఎక్కించండి. మీరు తీసిన వీడియో అయినా, క్రియేటివ్ కామన్స్ అనుమతి (ఇతరులు వాడుకోవచ్చని తీసినవాళ్లే ముందుగా ఇచ్చేది) ఉన్నదైనా సరే. యూట్యూబ్ లింక్ పెడితే మళ్లీ నెట్ మీదే ఆధారపడతారు. స్విచ్ వేయడానికి అర సెకను ముందు వీడియో ఆపి, పైన ఉన్న వరుసలోంచి మల్టిపుల్ చాయిస్ గుర్తుని తెర మీదికి లాగండి. వీడియో ఆగాలన్న పెట్టెలో టిక్ పెట్టడం మరవొద్దు; ఇది మర్చిపోతే ప్రశ్న కనబడుతుండగానే బల్బు వెలిగిపోతుంది. ప్రశ్న బటన్‌లా కాకుండా పోస్టర్‌లా కనబడేలా ఎంచుకోండి, చిన్న బటన్ వెనక బెంచీకి ఆనదు. సబ్‌టైటిల్స్ కింద వస్తాయి కాబట్టి పోస్టర్‌ని తెర పైభాగంలో ఉంచండి.

తప్పు జవాబు ఇస్తే ఫలానా సమయానికి వెనక్కి పంపే ఏర్పాటు ఇందులో చాలా మంచిది. 20, 30 సెకన్లు చాలు. 3 నిమిషాలు వెనక్కి పంపితే పిల్లలకి అది శిక్షలా అనిపిస్తుంది, జవాబు గుడ్డిగా నొక్కి బయటపడతారు. మళ్లీ ప్రయత్నించే బటన్‌ని కూడా తీసేయండి, లేకపోతే నాలుగూ వరసగా నొక్కేస్తారు.

చివరికి బ్రౌజర్‌లో తెరుచుకునే ఒకే హెచ్‌టీఎంఎల్ ఫైల్‌గా బయటికి తీసి పెన్‌డ్రైవ్‌లో వేసుకోవచ్చు. అలా తీస్తే వీడియో బరువు సుమారు మూడోవంతు పెరుగుతుంది: 60 ఎంబీ వీడియో 80 ఎంబీ అవుతుంది. క్లాసు కంప్యూటర్ పాతదైతే తెరుచుకోవడానికే నానా అవస్థ పడుతుంది. అప్పుడు మీడియా ఫైళ్లు వేరుగా ఉంచే పద్ధతి ఎంచుకుని, ఫోల్డర్ మొత్తం కాపీ చేయండి. అయితే ఇలా నెట్ లేకుండా ఆడించినప్పుడు ఎవరెవరు ఏం జవాబిచ్చారో మీ దగ్గర చేరదు. ఆ పని ప్లికర్స్‌ది.

ప్లికర్స్ మాకు అన్నిటికంటే నచ్చింది. పిల్లలకి ఒక్కో కాగితం కార్డు. దాని మీద నల్లటి ఆకారం, నాలుగు వైపులా చిన్నగా ఏ, బి, సి, డి. తమ జవాబు పైకి వచ్చేలా కార్డు తిప్పి పట్టుకుంటారు, టీచర్ తన ఫోన్ కెమెరాతో క్లాసుని ఒక్కసారి చుట్టి చూస్తే జవాబులన్నీ నమోదవుతాయి. అక్షరాలు చిన్నవి, ఆకారం ఒక్కొక్కరిది వేరు. కాబట్టి పక్కవాణ్ణి చూసి రాయడం కుదరదు. మామూలు సెట్‌లో 40 కార్డులు ఉంటాయి. కార్డు నంబరు, రోల్ నంబరు ఒకటే చేయండి. మెరిసే లామినేషన్ వద్దు, ట్యూబ్‌లైట్ వెలుగు పడితే కెమెరా చదవలేదు. దళసరి కాగితం చాలు. వేళ్లు నల్ల ఆకారం మీద పడినా చదవదు, అంచులు పట్టుకోమనండి.

ఫలితం వచ్చాక తొందరపడి తెర మీద చూపించకండి. చూపిస్తే రెండోసారి అందరూ గుంపు వైపే పోతారు. హార్వర్డ్ భౌతికశాస్త్ర ఆచార్యుడు ఎరిక్ మాజూర్ క్లాసుల నుంచి వచ్చిన పద్ధతి ఇక్కడ బాగా పనికొస్తుంది. సరైన జవాబులు 30 శాతం కంటే తక్కువైతే పాఠం మళ్లీ చెప్పండి. 30 నుంచి 70 మధ్య ఉంటే పక్కవాళ్లతో 2 నిమిషాలు వాదించుకోనిచ్చి మళ్లీ కార్డులు ఎత్తించండి. 70 దాటితే క్లుప్తంగా చెప్పి ముందుకి సాగండి. బెంగళూరు క్లాసులో ఒకే బెంచీ మీద తెలుగు, కన్నడ, తమిళం, హిందీ కూర్చుంటాయి. ఆ 2 నిమిషాలు ఏ భాషలో వాదించుకున్నా అడ్డు చెప్పకండి. కరెంటు గురించి అమ్మభాషలో వాదించే పిల్లాడు, ఇంగ్లీషులో నోరు మూసుకుని కూర్చునే పిల్లాడి కంటే ఎక్కువ ఆలోచిస్తాడు.

సమయం లెక్క చూడండి. ఆలోచనకి 1 నిమిషం, కార్డులకి 1, వాదనకి 2, రెండోసారి కార్డులకి 1, వివరణకి 1. ఒక్కో ఆగుడుకి 6 నిమిషాలు. మూడుసార్లు ఆపితే 18, వీడియో 4, మొత్తం 22. నలభై నిమిషాల పీరియడ్‌కి అంతకంటే పట్టదు. ఎడెక్స్ అనే ఆన్‌లైన్ చదువుల వేదిక కోర్సుల్లో 69 లక్షల వీక్షణ సెషన్లను పరిశీలించి 2014లో వచ్చిన అధ్యయనం కూడా 6 నిమిషాల లోపు వీడియోలే మేలంది.

ధ్వని సంగతి చాలామంది వదిలేస్తారు. ల్యాప్‌టాప్‌ని ప్రొజెక్టర్‌కి కలిపే హెచ్‌డీఎంఐ తీగ పెట్టగానే శబ్దం ప్రొజెక్టర్‌లోని చిన్న స్పీకర్‌కి పోతుంది, సీలింగ్ ఫ్యాన్ల హోరులో అది వినబడదు. ల్యాప్‌టాప్ సెట్టింగ్స్‌లో శబ్దం బయటి స్పీకర్‌కి మార్చండి. స్పీకర్ లేకపోతే బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్పీ రోడ్డులో పొడవాటి తీగతో సహా ఒకటి కొనుక్కోండి.

ఆఖరుగా, ఆ బల్బుల ప్రశ్నని వారం తర్వాత మూడు బల్బులతో మళ్లీ అడగండి. ఈసారి వీడియో లేకుండా, కార్డులతో మాత్రమే. అప్పుడు కూడా 'ఏ' (ప్లస్ వైపు బల్బు) అన్న కార్డుల నంబర్లు రాసుకుని, ఆ పిల్లల్ని బల్ల దగ్గరికి పిలిచి, బల్బులు వాళ్ల చేతికే ఇవ్వండి.