కూరలో ఏదో కలిపారంటే ఏం చెప్పాలి
(నెల్లూరులో ఆశా కార్యకర్తలు, కుటుంబ సభ్యుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అమ్మలకూ అయ్యలకూ నమస్కారం.

'మా అబ్బయ్య అన్నం ముట్టడం లేదు, నేనే విషం కలిపానంటున్నాడు.' కన్నతల్లి ఈ మాట చెప్పాలంటే గొంతు పెగలదు. అందుకే ఇక్కణ్ణుంచే మొదలుపెడదాం.

ఆ పిల్లాడు మొండికేయడం లేదు. ఇది సైకోసిస్ అనే మానసిక జబ్బు, లేనిదాన్ని ఉన్నట్టు గట్టిగా నమ్మిస్తుంది. పక్కింటి కుక్క మొరగడం, వీధిలో రెండుసార్లు తిరిగిన మోటారు సైకిలు మనకు లెక్కలోకి రావు. అతనికి మాత్రం అవి తన కోసమే జరిగినట్టు తోస్తాయి. మెదడులో కబుర్లు చేరవేసే డోపమిన్ అనే రసాయనం పనితీరు మారడం దీనికి ఒక ముఖ్య కారణం. అందుకే మీరు రుజువులు చూపే కొద్దీ 'వీళ్ళూ వాళ్ళతో కలిసిపోయారు' అనుకుంటాడు. పోనీ ఊరుకోబెడదామని 'అవును, పక్కింటోళ్ళే చేశారు' అంటే, రేపు కర్ర తీసుకుని వాళ్ళ గడప తొక్కవచ్చు.

వాదించొద్దు, ఒప్పుకోవద్దు. భయం గురించి మాట్లాడండి. 'అలా అనిపిస్తుంటే ఎవరికైనా భయమే అబ్బయా. నాకైతే అట్లా కనపడలేదు. ఇప్పుడు నీ గుండె దడ తగ్గడానికి ఏం చేద్దాం?' ఈ మూడు వాక్యాలు చాలు. ఎదురుగా కాదు, కాస్త పక్కగా కూర్చోండి. తలుపుకు అడ్డంగా ఉండొద్దు. అతని ముందు గుసగుసలు అసలు పనికిరావు. టీవీ ఆపండి, ఒక్కరే మాట్లాడండి.

అన్నం సంగతికొస్తే, అతని కళ్ళముందే వండండి. పులుసు ఒకే దాకలోంచి అందరికీ వడ్డించి, ముందు మీరు తినండి. గుడ్లు, అరటిపళ్ళు తన చేత్తో వొలుచుకునేవి, కాబట్టి వాటిని తినే అవకాశం ఎక్కువ. మాత్ర పొడి చేసి మజ్జిగలో కలపడం మాత్రం చేయొద్దు. చాలా ఇళ్ళలో జరిగే పొరపాటు ఇదే. ఒక్కసారి దొరికిపోతే అతని అనుమానం నిజమైపోతుంది, మళ్ళీ మీ చేతి ముద్ద తినడు. మింగనంటే డాక్టరుకు చెప్పండి. నోట్లో కరిగే మాత్రలున్నాయి, కొన్ని వారాలకోసారి చేసే ఇంజెక్షన్లున్నాయి. వాటి గురించి అతనితోనే మాట్లాడించండి.

మందు మొదలెట్టాక ముందు నిద్ర, ఆందోళన కుదుటపడతాయి. విషం కలిపారన్న నమ్మకం సడలడానికి వారాలు పడుతుంది, నాలుగు నుంచి ఆరు వారాలు చూడాలి. పది రోజులకే 'గుణం లేదు' అని ఆపేయొద్దు, బాగైందనీ ఆపేయొద్దు. మెడ ఒక పక్కకు లాగేసినా, కళ్ళు పైకి తేలిపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. అది మందు ప్రభావం, ఇంజెక్షనుతో తగ్గుతుంది. గంజాయి, సారా అలవాటుంటే దాచకుండా చెప్పండి.

పెద్దవాళ్ళలో ఇదంతా ఒకటి రెండు రోజుల్లో హఠాత్తుగా మొదలై, పగలు బాగుండి రాత్రి తికమకపడితే మానసిక జబ్బు అనుకోవద్దు. మూత్రంలో ఇన్ఫెక్షన్, షుగరు, రక్తంలో సోడియం (ఉప్పు) తగ్గడం వల్ల కూడా అలా అవుతుంది. అదే రోజు చూపించాలి.

ఏఎస్ పేట దర్గాకో, కసుమూరు దర్గాకో తీసుకెళ్ళాలనుకుంటే వెళ్ళండి, ఆ నమ్మకంతో మాకు పేచీ లేదు. మాత్రలు ఆపొద్దు, సంకెళ్ళు వేయొద్దు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో దర్గా దగ్గరి మానసిక రోగుల ఆశ్రమంలో మంటలొస్తే, గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది తప్పించుకోలేక కాలిపోయారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులతో బంధించడాన్ని పూర్తిగా నిషేధించింది.

ఈ జబ్బులో కొందరికి ఎవరూ లేకపోయినా గొంతులు వినిపిస్తాయి. 'చచ్చిపోమని గొంతులు చెబుతున్నాయా?' అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు. అవునంటే, లేదా ఎవరినో కొడతానంటే, పురుగుమందు, కొడవళ్ళు అందకుండా తీసి, మనిషిని వదలకుండా 108కి ఫోన్ చేయండి. మామూలు సలహాకు 14416, ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్. ఉచితం, రాత్రయినా పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు.

నెల్లూరు, ఒంగోలు పెద్దాసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలున్నాయి. వెళ్ళేముందు ఒక కాగితం మీద రాసుకోండి: ఎప్పటినుంచి, రాత్రి ఎన్ని గంటలు నిద్ర, ఏం తింటున్నాడు, ఎవరిని అనుమానిస్తున్నాడు, ముందు వాడిన మందుల పేర్లు. రాసింది అతనికి చదివి వినిపించి, తర్వాతే డాక్టరు చేతికివ్వండి.