కొత్త ఇల్లా, పాత ఇల్లా? ముందు శ్లాబు చూడండి

నమస్కారం అండీ. కొత్తగా కట్టిన ఇల్లు కొనాలా, పాతది కొనాలా అన్నది ఇవాళ మన విషయం. పాత ఇంట్లో లోపాలు చాలావరకు ఈపాటికే బయటపడి ఉంటాయి, కొత్త ఇంట్లో ఇంకా పడి ఉండవు. అందుకే ఒకదాన్ని చూసినట్టు రెండోదాన్ని చూడకూడదు.

పాత ఇంటికి వెళ్తే హాలు సంగతి తర్వాత. ముందు బాల్కనీ అడుగుభాగం, బాత్‌రూమ్ కింది శ్లాబు చూడండి. పెచ్చులూడి తుప్పు చువ్వలు కనిపిస్తున్నాయా? తుప్పుగా మారిన ఇనుము రెండింతలకు పైగా ఉబ్బుతుంది. ఆ ఉబ్బే కాంక్రీటును లోపలి నుంచి పగలగొడుతుంది. పైన సిమెంటు పూసి రంగేస్తే తుప్పు ఆగదు, మళ్లీ ఊడిపడుతుంది. చువ్వ వెనక దాకా చెక్కి, తుప్పంతా గీకి, చువ్వకు పూత వేసి, రిపేర్ మోర్టార్‌తో (మరమ్మతుకు వాడే ప్రత్యేక సిమెంటు మిశ్రమం) నింపాలి. ఒకటి రెండు చోట్లయితే చేయించుకోవచ్చు. బీముల్లో, పిల్లర్లలో చువ్వ వెంబడే పొడుగ్గా పగులు ఉంటే మాత్రం స్ట్రక్చరల్ ఇంజనీరుకు చూపించకుండా అడ్వాన్సు ఇవ్వకండి. మిగతా గదులన్నీ వెలిసిపోయి, ఒక్క పైకప్పుకే కొత్త రంగుంటే అక్కడ ఇంకాసేపు నిలబడి చూడండి.

కిటికీ మూల నుంచి ఏటవాలుగా పోయిన పగులు 5 మిల్లీమీటర్లు దాటిందంటే పునాది కుంగిందేమో చూపించుకోవాలి.

పైపులు, వైరింగు పాడైతే భయపడక్కర్లేదు, మార్చుకోవచ్చు. ఖర్చు లెక్కేసి బేరమాడండి. మూడు కుళాయిలు ఒకేసారి తిప్పి చూడండి. ధార బాగా సన్నబడితే, పాత ఇనుప పైపుల లోపల తుప్పు పేరుకుని ఉండొచ్చు. ఇంకోటి, మూడు రంధ్రాల ప్లగ్గు ఉన్నంత మాత్రాన ఎర్త్ ఉన్నట్టు కాదు. ఎలక్ట్రీషియన్‌తో పరీక్ష చేయించండి.

ఇక కొత్త ఇల్లు. ప్లాస్టరింగు ఆరేటప్పుడు వెంట్రుకవాసి పగుళ్లు రావడం మామూలే, వాటికి కంగారు పడకండి. అసలు పరీక్ష బాత్‌రూమ్‌లో ఉంది. నీళ్లు పోయే రంధ్రం మూసేసి, నేలంతా రెండు సెంటీమీటర్ల ఎత్తున నీళ్లు నింపి, మట్టం దగ్గర గీత పెట్టి, 24 గంటలు వదిలేయండి. నీళ్లు గీత కంటే బాగా దిగినా, కింది అంతస్తు పైకప్పులో చెమ్మ కనబడినా వాటర్‌ప్రూఫింగ్ సరిగా లేనట్టే. టైల్స్ కింద అయిపోయిన పని కాబట్టి బాగుచేయాలంటే టైల్స్ పగలగొట్టాల్సిందే. అదేదో కొనకముందే బిల్డరుతో చేయించండి. టైల్స్‌ను నాణెంతో మూలమూలా తట్టండి, డొల్ల శబ్దం వస్తే అడుగున సిమెంటు పట్టలేదు. కరెంటు బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చు) ఉండాలి, దాని టెస్ట్ బటన్ నొక్కగానే పడిపోవాలి.

అలమరాలు బిగించే ముందు చదరపు అడుగు ప్లాస్టిక్ కాగితాన్ని గోడకు నాలుగు వైపులా టేపుతో అంటించి ఒక రోజు ఉంచండి. గోడవైపు నీటి బొట్లు చేరితే తడి ఇంకా గోడలోనే ఉంది. అప్పుడే చెక్క బిగిస్తే వెనక బూజు పడుతుంది, ప్లైవుడ్ ఉబ్బుతుంది. కిటికీలు తెరిచి ఆరనిచ్చి, కొన్ని వారాలాగి మళ్లీ అంటించి చూడండి.