కాటా చీటీ మీద పేరు లేదు

వ్యాఖ్యాత: నమస్కారం, తిరుపతి నుంచి మాట్లాడుతున్నాం. మధ్యలో హారన్లు వినబడితే ఏమీ అనుకోకండి, ఈ గది బస్టాండుకు దగ్గర. అన్నా, చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కంప్యూటర్ రికార్డులతో మీరు పడ్డ తలనొప్పి చెప్పండి.

అతిథి: జూన్, జూలైలలో తోతాపురి కాయతో ట్రాక్టర్లు వరుస కడతాయి కదా. కాటా వేసిన ప్రతి బండికీ ఒక రికార్డు. గుమాస్తా లాగినై వెబ్ పేజీలో ఎక్కిస్తాడు కాబట్టి, ‘నమోదు చేసినవారు’ అన్న గడిలో అతని పేరు దానంతట అదే పడుతుంది. ఒకరోజు నెట్ పోయింది. లెక్కలు ఎక్సెల్‌లో రాసుకుని, రాత్రి స్క్రిప్టుతో, అంటే టెర్మినల్‌లో కమాండ్ కొట్టి నడిపే చిన్న ప్రోగ్రాముతో, ఒక్కసారే ఎక్కించారు. కిలో ధర తప్పు పడింది. తెల్లారి రైతు చీటీ పట్టుకుని వచ్చాడు. ఎవరు ఎక్కించారని చూస్తే ఆ గడి ఖాళీ!

వ్యాఖ్యాత: తిరుమల హుండీలో కానుకలాగా అన్నమాట.

అతిథి: హుండీకి పేరు అక్కరలేదు తమ్ముడూ, కాటా చీటీకి కావాలి. వెబ్‌లో బ్రౌజర్ ప్రతి రిక్వెస్టుతో పాటు కుకీ అనే గుర్తు చీటీ పంపుతుంది. ఆ కుకీని బట్టి సెషన్, అంటే నడుస్తున్న లాగిన్; సెషన్‌ను బట్టి మనిషి. టెర్మినల్‌లో రిక్వెస్టే లేదు, ఇక మనిషి ఎక్కడ? వెబ్ అప్లికేషన్లు కట్టడానికి వాడే జాంగో అయినా రైల్స్ అయినా ఇదే సంగతి.

వ్యాఖ్యాత: డేటాబేస్‌నే అడిగితే?

అతిథి: కనెక్షన్ తెరిచిన ఖాతా పేరు చెబుతుంది. అప్లికేషన్ మొత్తానికీ ఉన్నది ఒకటే ఖాతా. పోనీ లినక్స్‌ను అడుగుదామా? సుడో కమాండ్‌తో, అంటే అడ్మిన్ అధికారంతో నడిపితే ‘రూట్’ అని అడ్మిన్ ఖాతా పేరే చెబుతుంది. సుడో అసలు పేరును ఒక వేరియబుల్‌లో దాస్తుంది కానీ, దాన్ని ఎవరైనా మార్చుకోవచ్చు. మా దగ్గర అంతకన్నా ఘోరం, ఐదుగురికీ ఒకే లాగిన్. టెర్మినల్‌లో కొట్టిన కమాండ్లను దాచే బ్యాష్ హిస్టరీలో కమాండ్ దొరికింది, సమయం లేదు. విడిగా చెబితే తప్ప బ్యాష్ సమయం రాసుకోదు.

వ్యాఖ్యాత: మరి ఏం మార్చారు?

అతిథి: ముందు ఎవరి లాగిన్ వారికి ఇచ్చాం. తర్వాత, యూజర్ పేరు ఇవ్వకపోతే స్క్రిప్టు కదలకుండా చేశాం. కొందరు పేరు లేనప్పుడు 1వ నంబరు యూజర్‌ను పెట్టేస్తారు. అది చూస్తే నాకు ఒళ్లు మంట. ఆ 1వ నంబరు ఎప్పుడో ఉద్యోగం మానేసిన మనిషి అయి ఉంటాడు! రాత్రి 2 గంటలకు క్రాన్ అనే టైమర్ తనంతట తాను నడిపే పనులకు మాత్రం వేరే ఖాతా ఉంది, దానితో మనుషులెవరూ లాగిన్ కాలేరు.

వ్యాఖ్యాత: పేరు గడిలోకి ఎలా చేరుతుంది?

అతిథి: మా డేటాబేస్ పోస్ట్‌గ్రెస్‌లో ట్రాన్సాక్షన్, అంటే ఒకే కట్టగా జరిగే పనులు, మొదలవగానే ‘సెట్ కాన్ఫిగ్’ అనే ఫంక్షన్‌తో పేరు పెడతాం, రికార్డు పడేటప్పుడు దానంతట అదే నడిచే ట్రిగ్గర్ ఆ పేరు చదివి గడి నింపుతుంది. ఆ ఫంక్షన్‌కు మూడో విలువగా ‘ట్రూ’ ఇవ్వాలి. ఇస్తే ట్రాన్సాక్షన్‌తో పాటే పేరూ పోతుంది. మరిచిపోయి ‘ఫాల్స్’ ఇచ్చామా, అందరూ పంచుకునే కనెక్షన్ల పూల్‌లోని ఆ కనెక్షన్ తర్వాత ఎవరి చేతికి వెళ్లినా వాళ్ల పని మన పేరున పడవచ్చు.

వ్యాఖ్యాత: పాత ఖాళీ గడుల్లో ఎవరి పేరు రాశారు?

అతిథి: ఎవరిదీ రాయలేదు. ఊహించి రాసే పేరుకన్నా ఖాళీయే నయం. కొత్తవి మాత్రం ఖాళీగా రాకుండా డేటాబేస్‌లో ‘నాట్ వ్యాలిడ్’ అనే గుర్తుతో ఒక నిబంధన పెట్టాం, అది పాత వరుసల జోలికి వెళ్లదు. వెళ్లదనే అనుకున్నాం! మరుసటి వారం గుమాస్తా ఒక పాత రికార్డులో రైతు ఫోను నంబరు సరిచేయబోయాడు. సవరిస్తే ఆ వరుసనూ తనిఖీ చేస్తుందట, ఎర్రగా తప్పు చూపించి ఆపేసింది. ఇప్పుడు ఆ గడిలో ‘తెలియదు’ అనే ఖాతా ఒకటి కూర్చుంది.